వంతుకొచ్చిన చెట్లు

మా ఇంటి వెనక తలుపు తెరిస్తే ఐదు స్ప్రూస్ చెట్లు మీదికొచ్చినట్టు నిలబడి ఉండేవి. అంత పెరడు పెట్టుకుని చెట్లన్నీ గడప ముందు గుంపుగా నాటిన తెలివితక్కువవాళ్ళెవరా అని వేసవిలో వచ్చిన కొత్తవాళ్ళు అనుకునేవారు. మా ఊరివాళ్ళు అలా అనుకోరు. విస్కాన్సిన్‌లో ఈ మూల చాలా పెరళ్ళు ఇలాగే ఉంటాయి.

అవి క్రిస్మస్ చెట్లు. కొట్టేసిన చెట్టు ఇంట్లో పెట్టడం మా నాన్నకి ఇష్టం ఉండేది కాదు. వేళ్ళతో, మట్టిముద్దతో, గోనెగుడ్డ చుట్టిన చెట్టే కొనేవాడు. నేల గడ్డకట్టకముందే, అక్టోబరు ఆఖర్లో, గొయ్యి తవ్వి పైన చెక్కలు పరిచి ఆకులు పోసేవాడు. తవ్విన మట్టిని తొట్టిలో పోసి నేలమాళిగలో దాచేవాడు, గడ్డకట్టకుండా. కొత్త సంవత్సరం వెళ్ళాక చెట్టుని మంచుబండి మీద వేసి అందరం లాగేవాళ్ళం. అప్పటికి మోకాలి లోతు మంచు. ఆ మట్టిముద్ద దూడంత బరువు. అందుకే అక్టోబరులో గొయ్యి ఎక్కడ తవ్వాలో జనవరి మంచే చెప్పేది. తలుపు దగ్గర నుంచి ఎంత దూరం లాగగలమో అంతే. చెట్టు అప్పుడు నాన్న ఛాతీ దాకా ఉండేది. అది పెరిగి ఎంతవుతుందో, నీడ ఎటు పడుతుందో ఆ చలిలో ఎవరూ ఆలోచించలేదు. త్వరగా లోపలికి వెళ్ళి కాఫీ తాగుదామనే ఆలోచించారు.

చెట్టుని ఎంచే పని ఇంట్లో వంతులవారీగా జరిగేది. వంతు ఎవరిదైతే చెట్టు వాళ్ళది. వాళ్ళని అడక్కుండా రెమ్మ కూడా తుంచకూడదని అమ్మ పెట్టిన నియమం. మార్చుకోవచ్చు, కానీ సాక్షి ఉండాలి. మా తమ్ముడు ఓరిన్ ఒకసారి చచ్చిపోతున్న తన చెట్టుని జేబుకత్తికి మార్చుకున్నాడు. ఆ కత్తి ఇచ్చిన పిచ్చిది మా చెల్లెలు సోల్వే.

నాటినవాటిలో కొన్ని ఎండిపోయాయి. మిగిలినవాటిలో ఇంటి దగ్గరున్నవి ఐదు: నాన్నదొకటి, అమ్మదొకటి, నావి రెండు, ఓరిన్‌దొకటి. సోల్వే చెట్టు ఒక్కటే పెరటి చివర, వాయవ్య మూల. ఆ ఏడు మంచు పడలేదు, నేల గడ్డకట్టలేదు, కొత్తగా గొయ్యి తవ్వి అంత దూరం లాగగలిగారు. దానికి చోటు దొరికింది కాబట్టి అడుగు నుంచి చివరి దాకా పచ్చగా పెరిగింది. ఈ ఐదూ ఒకదాన్నొకటి తోసుకుంటూ పైకి పోయాయి. కింది కొమ్మలు ఎండిపోయాయి. సూదులు ఎర్రబడి రాలిపోయే తెగులొకటి పట్టుకుంది. ఇంటికప్పు మీద నాచు పెరిగింది. వంటింట్లో మిట్టమధ్యాహ్నం కూడా దీపం వేసుకోవాల్సి వచ్చేది. పెద్ద గాలి వీస్తే నేను పడకగదిలో పడుకునేదాన్ని కాదు, ముందుగదిలో సోఫా మీదే పడుకునేదాన్ని.

అమ్మా నాన్నా పోయాక ఆ ఇల్లు నాకే వచ్చింది, అయినా కొట్టించలేదు. నాకు ఏదైనా వెళ్ళిపోవడం అంటే భయం. ఎవరైనా వచ్చి వెళ్తే వాళ్ళ కారు మలుపు తిరిగేదాకా కిటికీ దగ్గర నిలబడతాను. వాళ్ళు తాగిన కప్పు ఆ రోజు కడగను. మా ఆయన హార్లన్ రాత్రి భోజనానికి వచ్చేస్తానని చెప్పి అంబులెన్స్ ఎక్కాడు. ఆయన బూట్లు వెనక తలుపు దగ్గరే చాలా ఏళ్ళు ఉన్నాయి.

మూడేళ్ళ కిందట సోల్వే మా ఇంటికి వచ్చేసింది. నాకన్నా నాలుగేళ్ళు చిన్నది. సెయింట్ పాల్‌లో సెలూన్ నడిపింది, నలభై ఏళ్ళు నిలబడి ఆడవాళ్ళ జుట్టు కత్తిరించింది. భర్త పోయాడు, కళ్ళూ చెడ్డాయి. ఆమెకి నడిమి చూపు పోయి పక్క చూపు మిగిలింది. ఎదురుగా ఉన్న మనిషి ముఖం ఉండాల్సిన చోట బూడిదరంగు మరక కనిపిస్తుందట. అందుకని మనల్ని చూడాలంటే మన చెవి వంక చూస్తుంది.

"నీ చెవితో మాట్లాడితే గాని నీ ముక్కు కనపడదే అక్కా" అనేది. "అయినా చెవే నయం."

మార్చిలో ఒక పొద్దున కాఫీ కప్పులో కాకుండా చేతి మీద పోసుకుంది. మణికట్టు బొబ్బలెక్కింది. కంటి డాక్టరు వంటింట్లో వెలుతురు బాగా ఉండేట్టు చూసుకోమన్నాడు. ఆ తర్వాత ఓరిన్ రెండుసార్లు ఆమెని లా క్రాస్ పట్నం తీసుకెళ్ళాడు. కళ్ళ కోసమన్నారు. కానీ లా క్రాస్‌లో నది ఒడ్డున పెద్దవాళ్ళు ఉండే అపార్ట్‌మెంట్లు ఉన్నాయి, వంటా వార్పూ వాళ్ళే చూసుకుంటారు, అక్కడ పేరు రాయించుకుని పిలుపు కోసం కనిపెట్టుకుని ఉండాలి. చర్చిలో ఒకావిడ నా భుజం తట్టి, "సోల్వే పేరు రాయించారటగా, మంచి పని చేశారు" అంది.

ఇంటికొచ్చి వంటింట్లో నిలబడి చూశాను. పట్టపగలు గుహలా ఉంది. ఓరిన్ చేసిన పనే అనుకున్నాను. వెలుతురుంటే సోల్వే ఉంటుంది, లేకపోతే వాడు తీసుకుపోతాడు. నా లెక్క అంతే.

లైబ్రరీకి వెళ్ళి తోటల పుస్తకాలు తెచ్చుకున్నాను. నేను ఎనిమిదో తరగతితో బడి మానేసినదాన్ని, తర్వాత చదివిందంతా నాకు నేనుగా చదివిందే. నెమ్మదిగా చదువుతాను గానీ మరిచిపోను. ఏప్రిల్ నెలంతా కూర్చుని పథకం వేశాను. ఐదు చెట్లూ తీసేయాలి. వాటి చోట, వంగక్కర్లేకుండా కూరగాయలు వేసుకోవడానికి, మట్టి నింపిన నడుమెత్తు చెక్కమడులు కట్టించాలి. తలుపు నుంచి మడులదాకా పట్టుకుని నడవడానికి తాడు కట్టాలి. దారికి రెండువైపులా సున్నం వేసిన ఇటుకలు పేర్చాలి. మలుపు తెలిసేలా ఒక చోట సోపుమొక్క, ఇంకో చోట పుదీనా తొట్టి పెట్టాలి. పెరటి చివర సోల్వే చెట్టు మాత్రం ఉంచాలి, శీతగాలిని అదే ఆపుతుంది.

తర్వాత అనుమతులు. నావి రెండూ నా ఇష్టం. పోయినవాళ్ళ తరఫున పెద్ద కూతురే చెప్పాలి కాబట్టి అమ్మా నాన్నల చెట్లకీ నేనే ఒప్పుకున్నాను. ఓరిన్‌కి ఫోన్ చేశాను.

"నా చెట్టు జోలికి రావద్దు" అన్నాడు.

"నీదే వంటింటి కిటికీకి అడ్డంగా ఉంది."

"కిటికీ మార్పించు."

"అది చస్తోందిరా. సగం ఎర్రబడింది."

"నేనూ సగం పోయినవాణ్ణే. నన్నూ కొట్టేయిస్తావా ఏంటి?"

నేను ఇంకేం చెప్పినా వినలేదు. వాడు చిన్నప్పటి నుంచీ అంతే, నవ్వుతూనే మొండికేస్తాడు.

మే మొదట్లో రస్ అనే చెట్ల మనిషిని పిలిపించాను. నావి రెండూ ముందు పడ్డాయి. నాన్నది తర్వాత. అమ్మ చెట్టుకి తాడు కడుతుంటే నేను గ్యారేజీ వెనక్కి వెళ్ళాను. అది పడ్డప్పుడు నేల కాళ్ళ కింద అదిరింది. తిరిగి వచ్చి చూస్తే ఆకాశం పరాయి ఇంటి ఆకాశంలా ఉంది. నాలుగు మొద్దులు, పసుపచ్చగా, బంక కారుతూ. ఓరిన్ చెట్టు ఒక్కటే కిటికీ ముందు మిగిలింది, గుంపులోంచి మిగతావాళ్ళు వెళ్ళిపోయాక ఎందుకు నిలబడ్డాడో తెలియని మనిషిలాగా. వంటింట్లోకి సగం వెలుతురు వచ్చింది, బల్ల మీద ఒక పక్కకి మాత్రం.

ఆదివారం చర్చి అయ్యాక రూబార్బ్ అనే పుల్లటి మొక్క కాడలతో చేసిన తీపి బిళ్ళలు డబ్బాలో పెట్టుకుని ఓరిన్ ఇంటికి వెళ్ళాను. వాడు గ్యారేజీలో పడవ మోటారు విప్పి కూర్చున్నాడు. పాల లారీ తోలి తోలి రిటైరయ్యాడు, చేతులు ఖాళీగా ఉంచుకోలేడు.

"బిళ్ళలు తెచ్చావంటే ఏదో అడగడానికే వచ్చావు పెద్దక్కా."

"తిను ముందు."

తిన్నాడు. "పంచదార తగ్గించావు."

"నీ షుగరు కోసమేరా. నీకు ఆ చెట్టెందుకు చెప్పు. పదేళ్ళుగా దాని కింద నిలబడ్డ పాపాన పోలేదు."

"నాది కాబట్టి."

"పొరుగువాళ్ళు విన్నా నవ్వుతారు. డెబ్బై దాటినవాడివి."

"నవ్వనీ." రెండో బిళ్ళ తీసుకున్నాడు. "నువ్వు నీ రెండూ కొట్టించావు. నాన్నదీ అమ్మదీ కొట్టించావు. అమ్మ చెట్టు పడ్డప్పుడు గ్యారేజీ వెనక నిలబడి ఏడ్చావట. రస్ చెప్పాడు."

"కంట్లో పొట్టు పడింది."

"సరే, పొట్టే. ఇప్పుడు నాదీ పోయిందనుకో. రేపు సోల్వేకి వెళ్ళాలనిపిస్తే ఎలా వెళ్తుంది? నీ కోసం అమ్మ చెట్టు కూడా కొట్టించానే అని నువ్వు అనవు, నాకు తెలుసు. నువ్వు అనక్కర్లేదు. ఆ మొద్దులే అంటాయి."

"తనెందుకు వెళ్తుంది? నువ్వు తీసుకెళ్తే తప్ప?"

వాడు గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. చాలాసేపు తుడుచుకున్నాడు. నూనె ఎప్పుడో పోయింది.

"అక్కా, పేరు రాయించింది నేను కాదు. తనే. ఫోన్ చేసి నన్ను తీసుకెళ్ళమంది. నేను బండి తోలానంతే."

నేను ఖాళీ డబ్బా మూత పెట్టాను. సరిగ్గా పడలేదు, మళ్ళీ పెట్టాను.

"నీకు చెప్పొద్దంది" అన్నాడు. "నేను చెప్పానని చెప్పకు."

"ఎందుకు పోతానంటోంది?"

"అది తననే అడుగు. నన్ను మధ్యలో పెట్టకండి, నేను మీ ఇద్దరికీ చిన్నవాణ్ణి."

ఇంటికి వచ్చే దారంతా మెల్లగా తోలాను. వెనక ఎవడో హారన్ కొట్టి దాటిపోయాడు. సోల్వే వంటింటి బల్ల దగ్గర కూర్చుని రేడియో వింటోంది. నేనేమీ అడగలేదు. అడిగితే చెప్పేస్తుంది. చెప్పేశాక విననట్టు ఉండలేను.

మర్నాడూ అడగలేదు. ఆ మర్నాడు సోల్వే బల్ల మీద వెలుతురు పడే పక్కన కూర్చుని రూబార్బ్ కాడలు తరుగుతోంది. పెద్ద కత్తి. ఎడమచేతి వేళ్ళు ముడిచి, కణుపులకి కత్తి ఆనించి, కాడ వంక కాకుండా గోడ వంక చూస్తూ కోస్తోంది. నేను రెండుసార్లు లేచి కూర్చున్నాను.

"ఇటివ్వవే, నేను తరుగుతా."

కత్తి ఆగింది. "ఓరిన్ చెప్పాడా?"

"ఏమిటి?"

"రెండ్రోజులుగా కంచాలు చప్పుడు కాకుండా పెడుతున్నావు. పోయినవాళ్ళ ఇంట్లో పెట్టినట్టు."

అబద్ధం ఆడటం నాకు రాదు.

"వాడి నోట్లో నువ్వుగింజ నానదు" అంది.

"చీకటి వల్లేనా సోల్వే? ఆ ఒక్క చెట్టూ పోతే వంటిల్లంతా తెల్లబడుతుంది. తాడు కూడా కట్టిస్తాను, తలుపు దగ్గర్నుంచి..."

"చీకటి నాకో లెక్కా? చీకట్లోనే కదా ఉన్నాను." కత్తి పక్కన పెట్టింది. "నేను లేస్తే నువ్వు లేస్తావు. స్నానాల గది తలుపు బయట నిలబడతావు. నువ్వు ఊపిరి పీల్చడం నాకు వినబడుతుంది. కాఫీ సగం కప్పే పోస్తావు, పసిపిల్లకి పోసినట్టు. స్టవ్ తిప్పే బిళ్ళలు పీకి సొరుగులో దాచావు. ఏ సొరుగో కూడా నాకు తెలుసు."

"చెయ్యి కాలింది కదే."

"నీకు ఎప్పుడూ కాలలేదా? ముప్పై ఏళ్ళప్పుడు కాగిన పంది కొవ్వు మీద ఒలకబోసుకున్నావు. ఎవరైనా వచ్చి నీ స్టవ్ పీక్కుపోయారా?"

"అప్పుడు నాకు కళ్ళు..." అని ఆగాను.

"ఆఁ, అను."

నేను తరిగిన ముక్కలు గిన్నెలోకి ఎత్తాను.

"లా క్రాస్‌లో తలుపు తట్టి లోపలికి వస్తారట" అంది. "వాళ్ళ తిండి ఎలాగూ చప్పగా ఉంటుంది. ఆ గదులు చూశాను, చెప్పుల పెట్టెలంత ఉన్నాయి. కానీ తలుపు తడతారు. నాకు అది చాలనిపించింది."

ఏడిస్తే బాగుండేది. సోల్వే ఏడవలేదు. కోపంగా కూడా లేదు. లెక్క చెప్పినట్టు చెప్పింది, అదే నాకు భయమేసింది.

"మరి ఏం చెయ్యమంటావు నన్ను?"

"ఏమీ చెయ్యొద్దు. అదే అడుగుతున్నా. నీకు చేతనవుతుందా?"

ఆలోచించాను. "తెలీదు" అన్నాను.

సోల్వే నవ్వింది. "ఇన్నాళ్ళకి ఒక నిజం చెప్పావు. సరే, ఈ వేసవి చూద్దాం. నేను పిలిస్తేనే రావాలి. నీకు చేతనైతే ఉంటాను. లేకపోతే వాళ్ళ పిలుపు వచ్చిన రోజున పెట్టె సర్దుకుంటాను. నేనేమీ నీ వంతుకొచ్చిన చెట్టుని కాదు అక్కా, నాది, ఎవరూ ముట్టుకోవద్దు అనడానికి."

తర్వాత నా పథకం ఏమిటో చెప్పమంది. చెప్పాను. తాడూ ఇటుకలూ వినగానే చెయ్యెత్తి ఆపింది.

"అది తోటా, ఓడరేవా? పడవల్ని లాక్కొస్తారేంటి? తాడు తీసెయ్. సున్నపు ఇటుకలు తీసెయ్, అవి తగిలే ముందు పడతాను. నడుమెత్తు మడులు ఉంచు, నీ నడుముకి మంచిది. బంగాళాదుంపలు మాత్రం నేలలోనే కావాలి నాకు. నేల మీద కూర్చుని తవ్వుకుంటా."

రూబార్బ్ కాడలు తీసుకుని బల్ల మీద దారులుగా పరిచింది. కాఫీ కప్పులు మడులు. ఉప్పు సీసా తలుపు. పంచదార గిన్నె నీళ్ళ కుళాయి. వేళ్ళతో తలుపు నుంచి కుళాయికి, కుళాయి నుంచి మడులకి నడిచి చూసుకుంది. నేను వేసిన దారికి మూడు మలుపులు ఉన్నాయి, ఆమె వేసింది తిన్నగా ఒక్కటే. దారి చెక్కపొట్టుతో పరిస్తే చాలంది, మెత్తగా ఉంటే దారి, గట్టిగా తగిలితే దారి తప్పినట్టు. నాలుగు చెట్లని రస్ యంత్రంలో వేసి పొడి చేసిన పొట్టు పెరట్లో కుప్పగా పడే ఉంది. నెల్లాళ్ళు పుస్తకాలు చదివినా నాకు అది తోచలేదు.

"సోపుమొక్క మాత్రం ఉండనీ" అంది. "వాసన కోసం కాదు. దోసకాయల ఊరగాయకి."

పొద్దుటే ఓరిన్‌కి తనే ఫోన్ చేసింది. అంకెలు చూడకుండా నొక్కింది. నేను పక్క గదిలోకి వెళ్ళబోతే, "ఉండు, సాక్షి కావాలి" అంది.

"ఒరేయ్, నా చెట్టు నీకు, నీ చెట్టు నాకు. అక్క సాక్షి."

వాడి గొంతు నాకూ వినబడుతోంది. "నీ చెట్టు మీద కాకులు గూడు పెట్టాయి."

"అవీ నీకే. కట్నం."

"కత్తి కూడా ఇస్తావా?"

"కత్తి అప్పుడే పారేశావు కదరా నదిలో."

"అక్కతో చెప్పావా?"

"చెప్పా."

"ఏమంది?"

"తెలీదంది."

"అంటే మంచిదే" అన్నాడు ఓరిన్. "సరే. చెట్టు నీది."

నెలాఖరున రస్ వచ్చి ఆ చెట్టుని పడగొట్టాడు. ఓరిన్ కూడా వచ్చి మొద్దు మీద కూర్చుని శాండ్‌విచ్ తిన్నాడు. మాటిమాటికీ పెరటి చివర తన కొత్త చెట్టు వంక చూసుకుంటూ, "నాదే అందరికన్నా బాగుంది, మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా" అన్నాడు.

నేను ఊహించనిది ఒకటి జరిగింది. వెలుతురు మరీ ఎక్కువైంది. మధ్యాహ్నం వంటింట్లో బల్ల, గోడ, గిన్నెలు అన్నీ తళతళా మెరిసేసరికి సోల్వే కళ్ళు మూసుకుని నిలబడిపోయింది. ఆ తళుకులో ఏమీ కనపడదట. నేను పరదా లాగడానికి సగం లేచి, ఆమె పిలవలేదని గుర్తొచ్చి మళ్ళీ కూర్చున్నాను. చేతులు ఒళ్ళో పెట్టుకుని ఒకదాన్నొకటి పట్టుకున్నాను.

"అక్కా."

"ఆఁ."

"చెట్లన్నీ కొట్టించాక ఇప్పుడు గొడుగు కావాలంటే నన్ను చంపుతావా?"

కిటికీ బయట పైనుంచి కిందికి దారాలు కట్టి ఎర్రపూల చిక్కుడు తీగ పాకించాం. జూలైకి కిటికీ నిండా అల్లుకుంది. వెలుతురు ఆకుల్లోంచి వడకట్టుకుని వచ్చేది. శీతాకాలం ఎండ పలచబడేసరికి తీగ దానంతటదే చచ్చిపోతుంది. ఆ కిటికీ దగ్గర తొంభై అడుగులు పెరిగేది కాదు, ఒక్క ఏడు బతికేది చాలు.

ఆ వేసవి నేను ఎన్నిసార్లు లేచి కూర్చున్నానో చెప్పలేను. స్టవ్ బిళ్ళలు సొరుగులోంచి తీసి మళ్ళీ బిగించేశాను. స్నానాల గది తలుపు దాటి వెళ్ళేటప్పుడు కూనిరాగం తీసేదాన్ని, నేను నిలబడలేదని ఆమెకి తెలియాలని. రెండుమూడుసార్లు తప్పాను. ఒకసారి ఆమె కాఫీ పోసుకుంటుంటే చెయ్యి చాచాను. "అక్కా" అంది, అంతే. చెయ్యి వెనక్కి తీసుకున్నాను. కాఫీ పళ్ళెంలోకి కొంచెం ఒలికింది. పళ్ళెంలోంచే తాగింది, మా తాత తాగినట్టు.

ఆగస్టులో సోల్వే పడింది. నేను కిటికీ దగ్గర గిన్నెలు కడుగుతున్నాను. బుట్ట పట్టుకుని దారి వెంట వస్తూ, అమ్మ చెట్టు వేరొకటి పొట్టులోంచి పైకి తేలి ఉంటే దానికి తట్టుకుని, ముందుకి పడింది. బుట్టలో దోసకాయలు దొర్లిపోయాయి. నేను కడుగుతొట్టి అంచు పట్టుకున్నాను. పేరు పెట్టి అరవబోయి పళ్ళు బిగించాను. ఆమె కాసేపు అలాగే ఉంది. ఆ కాసేపట్లో నేను ఆమెని ఆసుపత్రిలో చూశాను, శవపేటికలో చూశాను, ఖాళీ పడక దులపడం కూడా చూశాను. తర్వాత సోల్వే లేచి కూర్చుంది. మోకాలు తడుముకుంది. ఆ వేరుని మా నాన్న వాడే తిట్టు ఒకటి తిట్టింది. చేతులతో వెతికి దోసకాయలు ఏరుకుంది. రెండు దొరకలేదు. లోపలికి వచ్చి, "రెండు అక్కడే ఉన్నాయి, వెళ్ళి తెచ్చిపెట్టు" అంది.

"మోకాలు..."

"దోసకాయలు తెమ్మన్నాను."

వెళ్ళి తెచ్చాను. వస్తూ వస్తూ గొడ్డలి తీసుకుని ఆ వేరు నరికేశాను. అది చెయ్యకూడదని ఆమె అనలేదు కదా.

సెప్టెంబరులో బంగాళాదుంపలు తవ్వింది. నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చుని, చేతులు మట్టిలో పెట్టి, ఒక్క దుంపకి గోరు తగలకుండా తీసింది. నేను తవ్వితే సగం దుంపలకి పార తగులుతుంది. ఓరిన్ వచ్చి ఒక సంచి పట్టుకుపోయాడు. లా క్రాస్ మాట ఎవరూ ఎత్తలేదు. ఎత్తకపోతే లేనట్టేనని నేను అనుకోలేదు. ఫోన్ మోగిన ప్రతిసారీ చేతిలో పని ఆపి వినేదాన్ని.

అక్టోబరు నడుమ, నేల ఇంకా మెత్తగా ఉండగా, దుంపలు తవ్విన చోట వెల్లుల్లి నాటుతున్నాం. మా దగ్గర వెల్లుల్లి చలికి ముందే నాటాలి. మంచు కింద పడుకుని, వసంతంలో లేచి, మళ్ళీ జూలైకి గాని తవ్వడానికి రాదు. నేను కర్రతో నేలలో గుంటలు పొడుస్తూ వెళ్తున్నాను. సోల్వే వెనకాలే ఒక్కో గుంటలో ఒక్కో రెబ్బ, మొన పైకి ఉండేట్టు వేలితో తడిమి చూసి పెడుతోంది. నీళ్ళ కుళాయి దగ్గర ఓరిన్ పైపు చుడుతున్నాడు.

లోపల ఫోన్ మోగింది. నేను కర్ర వదిలేశాను.

"నేను తీస్తా" అంది సోల్వే. చేతులు ఒంటికి తుడుచుకుని, దారి వెంట తిన్నగా వెళ్ళి మెట్లెక్కింది. తలుపు మూసుకుంది.

మూసిన తలుపులోంచి మాటలు వినబడలేదు, గొంతు మాత్రం వినబడింది. పొరుగువాళ్ళతో అయితే సోల్వే గట్టిగా మాట్లాడుతుంది. ఇప్పుడు మెల్లగా, మర్యాదగా మాట్లాడుతోంది. దూరపువాళ్ళు. ఓరిన్ పైపు చుట్టడం ఆపాడు.

"వాళ్ళేనా?" అన్నాను.

"ఈ నెలలో గది ఖాళీ అవుతుందన్నారు మొన్న నాతో" అన్నాడు. నా వంక చూడలేదు.

"నాకు చెప్పలేదేం?"

"చెప్తే నువ్వు ఫోన్ వైరు పీకేస్తావు."

ఆ మాట నిజమే. మనసులోనే ఇల్లంతా తిరిగి నేను చెయ్యగలిగినవన్నీ తలుచుకున్నాను. లోపలికి వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడొచ్చు. నిలబడితే చాలు, నా చెవి వంక చూస్తుంది, వస్తానని వాళ్ళతో అనలేదు. కాళ్ళు రెండడుగులు మెట్ల వైపు వేశాయి. ఓరిన్ చూస్తూ ఉన్నాడు. నేను వెనక్కి వచ్చి కర్ర తీసుకున్నాను. ఇంకో గుంట పొడిచాను. ఇంకోటి. అవి వంకరగా పోతున్నాయి. అయినా పొడుస్తూనే ఉన్నాను.

సోల్వే చాలాసేపటికి బయటికి వచ్చింది. కోటు వేసుకుని వచ్చింది, గాలి మారింది. దారి వెంట వచ్చి పక్కనున్న చెక్కమడి అంచు పట్టుకుని ఆగింది.

"ఆ గది వరసలో తర్వాతవాళ్ళకి ఇవ్వమన్నాను" అంది. "పేరు మాత్రం ఉంచమన్నాను. వచ్చే ఏడు మళ్ళీ అడుగుతారట."

ఓరిన్ పైపు చుట్ట భుజానికి వేసుకుని గ్యారేజీ వైపు వెళ్ళాడు.

ఎన్నాళ్ళుంటావు, వచ్చే ఏడు అడిగితే ఏమంటావు అనేవి రెండూ నా నోటిదాకా వచ్చాయి. పళ్ళ వెనకే ఉంచాను. రెబ్బల గిన్నె ఆమె చేతికి అందేంత దగ్గర జరపబోయి, అదీ మానేశాను.

"మట్టి చల్లబడుతోంది, త్వరగా కానిద్దాం" అన్నాను.

సోల్వే మోకాళ్ళ మీద కూర్చుంది. గిన్నె ఎక్కడుందో తడిమి తీసుకుంది. తను ఆపిన గుంట ఏదో నేను చెప్పలేదు. వరస మొదట నుంచి వేలితో ఒక్కో గుంట చూసుకుంటూ, ఇందులో ఉంది, ఇందులో ఉంది అనుకుంటూ వచ్చి, ఖాళీ గుంట తగిలిన చోట ఆగి రెబ్బ పెట్టింది.